పళ్ళ డాక్టరమ్మ ఒంటరి కాపురం

ఏడో అంతస్తు, లిఫ్టు పక్క ఫ్లాటు
వానలు వెనకపట్టాక, ఒక ఆదివారం

వదినకి,

నేనిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టాలట ఉత్తరం. నేను క్షేమంగా లేను. నువ్వు క్షేమంగా ఉన్నావని తలచడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. కాబట్టి ఆ రెండు ముక్కలూ వదిలేసి అసలు సంగతికొస్తాను. నీకు మతి పోయిందా?

స్టేషన్లో నిన్ను రైలెక్కించినప్పుడు నేను ఏడవలేదని మురిసిపోయి ఉంటావు. అప్పటికింకా నమ్మలేదు, అందుకని ఏడవలేదు. వారం తిరక్కుండా వచ్చేస్తావనుకున్నాను. ఇంటికొచ్చి తాళం తీసి, అలవాటుకొద్దీ "వదినా, టీ పెట్టనా" అన్నాను. ఫ్రిజ్ ఒక్కటే పలికింది, గుర్రుమని. అన్నయ్య పోయినప్పుడు కూడా ఈ ఇల్లు ఇంత బోసిపోలేదు. అప్పుడు నువ్వున్నావు మరి.

ఇక్కడ ఎవరి కథ వాళ్ళు అల్లేస్తున్నారు. పెద్దమ్మ ఫోన్ చేసి, సన్యాసం పుచ్చుకుందా అని అడిగింది. లేదు పెద్దమ్మా, బూట్లు కొనుక్కుంది అన్నాను. పక్క ఫ్లాటు లాయరుగారి లెక్కలో నువ్వు నా పోరు పడలేక పారిపోయావు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా అని లిఫ్టులో ఎవరితోనో అంటుంటే నేను వెనకే నిలబడి ఉన్నాను. నీ ఆస్పత్రి తీసుకున్న చిన్న డాక్టరు మాత్రం, మేడమ్ అలిసిపోయారండీ, అంతే, అన్నాడు. పాపం, మంచివాడు. కానీ నీ పాత పేషెంట్ల కంటికి అతను ఆనడం లేదు. దవడ పట్టుకుని తిన్నగా ఇంటికే వస్తున్నారు. నిన్న ఒక పెద్దమనిషి గుమ్మంలోనే నాకు నోరు తెరిచి చూపించాడు. నేను నాటకశాలలో బట్టలు కుట్టేదాన్నండీ, పళ్ళకి కుట్లు వెయ్యడం రాదు అని చెప్పి పంపించాను.

నడుస్తున్న ఆస్పత్రి, తిప్పగానే వేన్నీళ్ళొచ్చే కొళాయి, పొద్దుటెండ పడే బాల్కనీ, నేను. ఇన్నిటినీ వదిలేసి మనిషి మొహం కనపడని చోట ఒక్కదానివీ ఏం చేస్తావు? ఊళ్ళో వాళ్ళకి నోటికొచ్చింది చెప్పి సర్దేస్తున్నాను. నాకైనా నిజం చెప్పు.

పిచ్చుక


కొండ మీది చెక్కగది, చెరువు ఒడ్డు

పిచ్చుకకి,

నీ ఉత్తరం అడవి గార్డు తెచ్చిచ్చాడు. దారి బాగుంటే వారానికోసారి కింది ఊరి నుంచి కంచరగాడిద మీద వస్తాడు. పెద్ద మీసాలు, చిన్న మాటలు. ఉత్తరం చేతిలో పెట్టి, మంచినీళ్ళు తాగి, నా పొయ్యి వైపు చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. పొయ్యి గురించి ఆ తల ఊపడంలో ఉన్న అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అది వెలగదు. వెలిగితే పొగ గదిలోకి వస్తుంది, వేడి గొట్టంలోంచి బయటికి పోతుంది.

గది ఎలా ఉందంటావా? ఒకప్పుడు అడవికి నిప్పంటుకుంటే కనిపెట్టడానికి కాపలావాళ్ళు ఉండేవారట ఇందులో. ఇప్పుడా పని ఎక్కడో యంత్రాలు చేస్తున్నాయి కాబట్టి నాకు అద్దెకిచ్చారు. చెక్క గోడలు, రేకు కప్పు, మంచం, బల్ల, ఒకే ఒక్క కిటికీ. కిటికీ నిండా చెరువు. నేను వచ్చిన రాత్రే చూరు కింద పెట్టిన బంగాళదుంపల బస్తాని అడవిపందులు ఆరగించాయి. పొద్దున్న ఖాళీ బస్తా మాత్రం మర్యాదగా వదిలిపెట్టి వెళ్ళాయి.

కారణం అడిగావు. నవ్వకూడదు మరి. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క రోజు కూడా ఒంటరిగా లేను. చిన్నప్పుడు అమ్మ పక్కలో, తర్వాత నాయనమ్మ పక్కలో, ఆపైన హాస్టలు గదిలో నలుగురి మధ్య, పెళ్ళయ్యాక మీ అన్నయ్య, ఆయన పోయాక గోడ అవతల నీ కిచకిచ. ఆ కిచకిచకే కదా నీకు పిచ్చుక అని పేరు పెట్టింది. పగలంతా ఎవరో ఒకరి నోరు. తెరవండి, ఇంకాస్త, ఇప్పుడు ఉమ్మండి. ఇవి తప్ప నా నోటి నుంచి వేరే మాట వచ్చి ఎన్నాళ్ళయిందో. ఒకరోజు ఎవరి దంతాల మధ్యో దీపం పెట్టి చూస్తుంటే తట్టింది. ఎవరూ లేనప్పుడు నేనెలాంటి మనిషినో నాకే తెలియదు. పరిచయం లేని ఆడమనిషితో యాభయ్యారేళ్ళు కాపురం చేశానన్నమాట. ఒక్కసారి ఆవిణ్ణి పలకరించి చూద్దామని వచ్చాను.

అంతే. నీ మీద కోపం లేదు. లాయరుగారికి ఈ ముక్క చెప్పనక్కర్లేదు, ఆయన కథే రసవత్తరంగా ఉంది.

ఇక్కడంతా బాగానే ఉంది. ఏమీ బెంగ పెట్టుకోకు.

వదిన


నాటకశాల, దుస్తుల గది

వదినకి,

"ఇక్కడంతా బాగానే ఉంది" అని నువ్వు రాసిన అక్షరాలు వంకరగా ఉన్నాయి. చలికి చేతులు వణుకుతుంటే రాసినట్టున్నావు. నేను కుట్టుపని చేసేదాన్ని, గీత చూస్తే చెయ్యి తెలుస్తుంది నాకు. అందుకని ఈ ఉత్తరంతోపాటు ఒక మూట పంపుతున్నాను. పాత నాటకంలో రాజుగారి అంగరఖా అది. లోపల గొర్రెబొచ్చు, పైన ముఖమల్. అంచు చిమ్మెటలు కొట్టేస్తే పారేద్దామన్నారు, నేను అడిగి తీసుకున్నాను. అంచు కత్తిరించి మడిచి కుట్టాను. మెడ దగ్గర జరీ మాత్రం ఉంచేశాను. అడవికైనా రాణీగారు ఉండాలి కదా.

కొత్త నాటకం తయారవుతోంది. ఈసారి రాజుగారికి పొట్ట వచ్చింది. బట్టలు వదులు చేస్తుంటే, కుట్టు తప్పిందండీ మీది అంటాడు. అవునండీ, భోజనాల దగ్గర తప్పింది అన్నాను.

ఇల్లు పర్వాలేదు. హాల్లో దీపం మాడిపోయింది. పైకెక్కడం నాకు భయమని తెలుసు కదా, మా రంగస్థలం దీపాలు చూసే ఆయన వచ్చి మార్చిపెట్టాడు. దీపాలాయన అంటారు అందరూ. టీ తాగి వెళ్ళాడు. ఎక్కువ మాట్లాడడు. దీపం వెలుతురు గోడ మీద కాకుండా కుర్చీ మీద పడాలి, చదువుకునేవాళ్ళు కూర్చునేది కుర్చీలో కదా అని దీపం బిగించే చోటు మార్చాడు. ఇన్నేళ్ళూ మనం గోడకి వెలుగు పెట్టుకుని చీకట్లో చదువుకున్నామని దీపాలాయన వచ్చాకే తెలిసింది.

సాయంత్రాలు మాత్రం గడవవు. టీవీ పెద్దగా పెట్టి వంట చేసుకుంటున్నాను. వంట అంటే, కోడిగుడ్డు. చిన్న డాక్టరు నిన్ను ఒక మాట అడగమన్నాడు. నీ మందుల బీరువాలో పాత పట్టకారు ఒకటి కనపడడం లేదట. తీసుకెళ్ళావా?

రాజుగారి కోటు వేసుకుని వెచ్చగా ఉండు. వచ్చేస్తే ఇంకా వెచ్చగా ఉంటావనుకో, ఆ మాట ఇక అనను. ఈ ఉత్తరంలో అనను, అంతవరకే.

పిచ్చుక


చెక్కగది
ఆకులు రాలిపోయాక

పిచ్చుకకి,

అంగరఖా వేసుకుని నీళ్ళు తేవడానికి చెరువుకి వెళ్తుంటే గార్డు ఎదురుపడ్డాడు. గాడిద దిగి పక్కకి తప్పుకున్నాడు. జరీ మహిమ. ఆరోజే పొయ్యి గొట్టం ఊడదీసి, లోపల ఎప్పటిదో పిట్టగూడు ఉంటే తీసి చూపించాడు. ఇప్పుడు పొయ్యి వెలుగుతోంది. వెలగడమే కాదు, దాని ముందు కూర్చుంటే నేను ఎవరికీ సమాధానం చెప్పనక్కర్లేదు. కట్టెలు చీల్చడం కూడా పట్టుబడింది. మొదట్లో గొడ్డలి కర్రలో దిగితే మళ్ళీ బయటికి వచ్చేది కాదు. దంతాల విషయంలో నాకెప్పుడూ లేని ఇబ్బంది అది.

నాకొక పొరుగింటావిడ కూడా దొరికింది. ఆడనక్క. మధ్యాహ్నం పూట చెరువు గట్టు మీదికి వచ్చి కూర్చుంటుంది. నక్కతోక తొక్కినవాళ్ళకి అదృష్టం పడుతుందంటారు, ఇది నన్ను ఆ దరిదాపులకి రానివ్వదు. నేను కదిలితే వెళ్ళిపోతుంది, ఊరుకుంటే ఉంటుంది. ఊరుకోవడం నేర్చుకుంటున్నాను.

పట్టకారు నా దగ్గరే ఉంది. అద్దం, కొన్ని మత్తుమందు గొట్టాలు కూడా పట్టుకొచ్చాను. ఎందుకో తెలియదు. వడ్రంగి ఊరెళ్ళినా ఉలి జేబులో పెట్టుకోడూ, అలాంటిదే.

ఇక అసలు సంగతి. ఈ దీపాలాయన ఒక్క ఉత్తరంలో ఇన్నిసార్లు కనపడ్డాడేం? బల్బు మార్చడానికి వచ్చిన మనిషి గురించి నువ్వు రాసినంత, మీ అన్నయ్యతో పెళ్ళిచూపులయ్యాక నేను మా స్నేహితురాలికి రాయలేదు. అడగడం లేదు. అన్నానంతే.

గార్డు చెప్పాడు, మంచు పడితే కనుమ మూసుకుపోతుందట. అప్పుడు ఉత్తరాలు రావు, పోవు. మంచు కరిగేదాకా కింది ఊళ్ళోనే పడి ఉంటాయి. రెండుసార్లు తల ఊపి, ఇప్పుడైనా దిగిపోతారా అని అడిగాడు. అతను అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదలు. దిగనన్నాను. కట్టెలున్నాయి, పప్పులు, పిండి, ఎండుపళ్ళు ఉన్నాయి. ఒళ్ళు బాగుంది. పళ్ళు కూడా బాగానే ఉన్నాయి.

మళ్ళీ వసంతంలో రాస్తాను. బెంగపడకు.

వదిన


ఏడో అంతస్తు
బాగా చలి

వదినకి,

ఈ ఉత్తరం ఇప్పుడు నీకు చేరదని తెలుసు. కింది ఊళ్ళో ఏ అరలోనో పడుకుంటుంది. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

దీపాలాయన నన్ను పెళ్ళి చేసుకుందామని అడిగాడు.

నాటకం ఆఖరి ఆట అయిపోయిన మర్నాడు, పగటిపూట, రంగస్థలం మీద దీపాలు దింపుతున్నాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాను. నిచ్చెన మీద నుంచే అడిగాడు. నేను వదిలేసి పారిపోతే తను కింద పడతాడు కాబట్టి పారిపోనని ధీమా కాబోలు. యాభైకి దగ్గరపడిన దాన్ని, నోటికి అలవాటైన మాటే చెప్పాను.

"మా వదిన ఒంటరిదైపోతుందండీ."

రెండు మెట్లు దిగి నా మొహం చూశాడు.

"ఆవిడ ఒంటరిగా ఉండడానికే కదండీ వెళ్ళింది?"

వదినా, ఇన్నేళ్ళూ వచ్చిన ప్రతి సంబంధానికీ ఇలాంటిదే చెప్పి పంపించాను. అన్నయ్య ఉన్నన్నాళ్ళూ ఇంటిపని వంక, ఆయన పోయాక నీ వంక. అందరూ ఎంత మంచి ఆడపడుచో అన్నారు. నేనూ నమ్మాను. ఆరోజు నిచ్చెన పట్టుకుని ఆలోచిస్తే తేలిందేమిటంటే, నాకు భయం. కొత్త మనిషి, కొత్త అలవాట్లు, పొద్దున్నే మొహం కడుక్కోకముందు ఎవరో చూడటం. ఆ భయానికి నీ పేరు పెట్టి పిలుచుకున్నాను, అంతే.

మంచు కరిగేదాకా గడువు అడిగాను. వదినని అడగాలన్నాను. అడగండి, కానీ ఆవిడ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నాకు జవాబు చెప్పాల్సింది మీరే అన్నాడు. మెత్తగానే అన్నాడు కానీ గుచ్చుకుంది.

మనిషి ఎలాంటివాడంటే, నా ఇంటికొస్తే మాట్లాడకుండా కూర్చోగలడు. నేను మాట్లాడుతుంటే వింటాడు. ఒకసారి మధ్యలో ఆపాను, నాకే విసుగొచ్చి. ఆపేశారేం, అన్నాడు. నా జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నువ్వు కూడా.

బయట కిటికీ మీద మంచు పేరుకుంటోంది. నీ దగ్గర ఎంత పడుతోందో. ఒళ్ళు జాగ్రత్త. ఈ మాట చదివేసరికి చలికాలం అయిపోయి ఉంటుంది, అయినా జాగ్రత్త.

పిచ్చుక


చెక్కగది
మంచు కరుగుతోంది

పిచ్చుకకి,

చూరు నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. గార్డు ఏ రోజైనా రావచ్చు. వచ్చేలోపు ఒక సంగతి రాసేస్తాను. ముందుగా ఒక మాట: నేను బతికే ఉన్నాను, బాగున్నాను, నవ్వుతూ రాస్తున్నాను. నవ్వితే ఒక పక్క సందు కనపడుతుంది, అంతే.

కనుమ మూసుకుపోయిన కొన్నాళ్ళకి పై దవడలో కోరపన్ను వెనకది సలపడం మొదలుపెట్టింది. పాత నేరస్థుడే. దాంట్లో పుచ్చు ఉందని నాకు ఇక్కడికి రాకముందే తెలుసు. ఊరందరి పళ్ళూ బాగుచేసినదాన్ని, నా పన్ను చిన్న డాక్టరుకి చూపించుకోవడానికి నామోషీ పడ్డాను. నేను చెయ్యి పట్టుకుని పని నేర్పినవాడి ముందు నోరు తెరవడమా అని. "పళ్ళు కూడా బాగానే ఉన్నాయి" అని నీకు రాసినప్పుడే నాలుక దాన్ని తడుముతూ ఉంది.

ఉప్పునీళ్ళు పుక్కిలించాను. మంచుగడ్డ అద్దాను, దానికి మాత్రం కరువు లేదు. చెంప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. జ్వరం వచ్చింది. కింది ఊరికి నడిచిపోదామని రాజుగారి కోటు వేసుకుని బయల్దేరాను. మొదటి మలుపు దగ్గర నడుం దాకా దిగబడ్డాను. పాకుతూ వెనక్కి వచ్చాను. మత్తుమందు ఉంది కదా అని పెట్టె తెరిస్తే గొట్టాలన్నీ చలికి గడ్డకట్టి పగిలి ఉన్నాయి.

అప్పుడు పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. నొప్పి ఓర్చుకోగలను. "నొప్పిగా ఉంది" అని చెప్పడానికి ఎదురుగా ఒక్క మనిషి లేకపోవడం ఓర్చుకోలేకపోయాను. నిన్ను పిలిచాను, పైకే. సిగ్గేమీ లేదు, వినేవాళ్ళు లేరు.

మర్నాడు ఎండ వచ్చింది. ఇంకో పూట ఆగితే విషం ఒళ్ళంతా పాకుతుందని నాకు బాగా తెలుసు. అద్దాన్ని కిటికీకి కట్టాను. పట్టకారు మరిగించాను. వెలుతురుకి ఎదురుగా కూర్చుని, అలవాటుకొద్దీ, "ఏం భయం లేదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అన్నాను నాతో నేనే. ఎంతమందికి చెప్పానో ఆ మాట. అది పచ్చి అబద్ధం, పిచ్చుకా. అంత చీమ ఈ భూమ్మీద లేదు.

అద్దంలో కుడి ఎడమలు తారుమారు. మొదటిసారి పట్టకారు జారి చిగురు చీరుకుపోయింది. తలుపు తీసుకుని బయటికెళ్ళి మొహం మంచులో పెట్టి ఎంతసేపున్నానో తెలియదు. లోపలికొచ్చి మళ్ళీ కూర్చున్నాను. పన్ను పీకడమని పేరే కానీ, లాగితే రాదది. అటూ ఇటూ ఊపాలి, భూమిలో దిగేసిన గుంజని వదులు చేసినట్టు. ఎదుటివాడి దవడలో అయితే ఓర్పు ఉంటుంది మనకి. కళ్ళు మూసుకుని, అద్దం వదిలేసి, చేతికి తెలిసిన పని చేతికి అప్పజెప్పాను. వచ్చేసింది. దాంతోపాటు చీమూ నెత్తురూ.

జ్వరం తగ్గడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆ తర్వాత ఒక పొద్దున్న టీ కాచుకుని గట్టు మీద కూర్చుంటే, ఎవరైనా వస్తే బాగుండునని అనిపించలేదు. ఎవరూ రాకూడదనీ అనిపించలేదు. వచ్చిన పని అయింది. పలకరిద్దామని వచ్చానే, ఆ ఆడమనిషి పరిచయమైంది. పిరికిది. గయ్యాళిది కూడా. నొప్పెడితే తన్ను తానే బూతులు తిడుతుంది. కానీ పని తెలిసిన చెయ్యి. సర్దుకుపోవచ్చు ఆవిడతో.

ఇంతలో గార్డు వచ్చాడు. నీ చలికాలపు ఉత్తరం చదివాను. గార్డుని కాసేపు ఆగమని ఈ నాలుగు ముక్కలూ కలుపుతున్నాను.

నీకు నేను సాకునైతే నాకు నువ్వు సాకువి. ఇక్కడికి ఎప్పుడో రావాలనుకున్నాను. "పిచ్చుక ఒంటరిదైపోతుంది" అనుకుని ఆగాను. నాకూ మంచిపేరే వచ్చింది. ఇద్దరం ఒకరి కొంగు ఒకరం పట్టుకుని, నువ్వు వదలవేం అంటే నువ్వు వదలవేం అనుకున్నాం.

ఆయనకి ఏం చెప్పాలో నేను చెప్పను. జవాబు నీదే కావాలని ఆయనకే తెలిసింది. నీ జవాబులో నా పేరు మాత్రం ఉండకూడదు.

వదిన


ఏడో అంతస్తు
హడావిడిగా

వదినకి,

నీ ఉత్తరం చదివి నాటకశాలలో అందరి ముందూ కూలబడ్డాను. నీ పన్ను నువ్వే పీక్కున్నావు. అద్దంలో చూసుకుని. దానికి నువ్వు చీమ జోకు వేస్తున్నావు.

నా పెళ్ళి సంగతి తర్వాత. సామాను సర్దుకుని ఉండు, వస్తున్నాను. నిన్ను తీసుకురాకుండా తిరిగి రాను. దీపాలాయన తోడు వస్తానన్నాడు, వద్దన్నాను, అయినా టిక్కెట్టు తీసుకున్నాడు. చిన్న డాక్టరు పంపిన మాత్రలు పట్టుకొస్తున్నాను. నీ పన్ను సంగతి వినగానే అతను కుర్చీలో కూర్చుండిపోయాడు, పేషెంటు కుర్చీలో.

పిచ్చుక


చెక్కగది
మీరు వెళ్ళిన వారానికి

పిచ్చుకకి,

నువ్వు కళ్ళారా చూసి వెళ్ళిందే మళ్ళీ చెప్పను. నేను చూసింది చెబుతాను.

మలుపు తిరిగి గాడిద మీద నువ్వు కనపడగానే నవ్వొచ్చింది. పట్నం చెప్పులు, చేతిసంచీ, గాడిద మెడ చుట్టూ రెండు చేతులూ. దగ్గరకొచ్చి నా నోరు తెరిపించి సందులోకి చూసి నువ్వు భోరుమంటే నాకు నవ్వు ఆగిపోయింది. ఆ చలికాలం నేనెంత పలచబడ్డానో నాకు నీ మొహంలో కనపడింది. ఇక్కడున్న అద్దం చెప్పలేదు.

నువ్వు నా బట్టలు సంచిలో కుక్కుతూ ఉంటే నేను ఒక్కొక్కటీ తీసి మళ్ళీ మేకుకి తగిలిస్తూ ఉంటే, దీపాలాయన ఒక్కసారి చూసి, కట్టెలు చీలుస్తానని బయటికెళ్ళిపోయాడు. ఆ పూటే ఆయన నాకు నచ్చాడు. కట్టెలు చీల్చడం ఆయనకి రాదు. గొడ్డలి ఇరుక్కుపోయింది, నాకు చెప్పకుండా చాలాసేపు తంటాలు పడ్డాడు.

"నిన్నిక్కడ వదిలేసి నేనక్కడ సుఖంగా ఎట్లా ఉంటాను?" అన్నావు.

"నిన్నక్కడ వదిలేసి నేనిక్కడ సుఖంగానే ఉన్నాను కదా. నాకంటే నువ్వు మంచిదానివేం కాదు" అన్నాను.

నువ్వు తెల్లబోయావు. చాలా కటువుగా వచ్చిందని నాకే అనిపించింది. తర్వాత నువ్వు నవ్వావు, ముందు కోపంగా, ఆనక మామూలుగా. మేకుకి తగిలించిన నా చొక్కా ముడతలు సవరించావు. అప్పుడు తెలిసింది నాకు, నువ్వు నన్ను తీసుకెళ్ళవని.

చెప్పని సంగతి ఒకటుంది. మీరు బయల్దేరిన పొద్దున్న, గార్డు గాడిదలకి జీను కడుతున్నప్పుడు, నా కాళ్ళు నాలుగడుగులు మీ వెనకే నడిచాయి. ఇంకొక్కసారి "రా వదినా" అంటే వచ్చేసి ఉండేదాన్ని. నువ్వు అనలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసి కూడా అనలేదు. నువ్వు నాకు చేసిన ఉపకారాలన్నిటిలోకీ అది పెద్దది, అంత కష్టమైనదీ ఇంకొకటి ఉండదు. మీరు మలుపు తిరిగాక గట్టు మీద కూర్చుని బాగా ఏడ్చి, తర్వాత ఉతకాల్సిన దుప్పట్లు ఉంటే ఉతికాను.

నువ్వు అడిగిన మాట ఇస్తున్నాను. మంచు పడేముందు ఏటా కిందికి దిగి చిన్న డాక్టరు ముందు నోరు తెరుస్తాను. వాడేమన్నా నోరు మూసుకుంటాను, అదీ వాడు మూసుకోమన్నాకే. కింది ఊరిదాకా గార్డు పొడుగాటి కర్రలు పాతిపెడతానన్నాడు, మంచులో దారి తెలియడానికి. ఈసారి తెచ్చుకునే మత్తుమందు మంచం కింద, గోనెసంచిలో చుట్టి పెట్టుకుంటాను.

వెళ్తూ వెళ్తూ ఆయన నాతో ఒక మాట అన్నాడు, నీకు చెప్పి ఉండడు. "ఆవిడ ఇంకా జవాబు చెప్పలేదండీ. చెప్పకపోయినా పర్వాలేదు, ఈ ప్రయాణం బాగుంది" అన్నాడు. అలాంటివాణ్ణి మరీ ఎక్కువ నాన్చకు.

వదిన


ఏడో అంతస్తు
ఆదివారం మధ్యాహ్నం

వదినకి,

నువ్వు పెళ్ళికి వచ్చి వెళ్ళాక ఇదే మొదటి ఉత్తరం. రిజిస్ట్రారు ఆఫీసులో నువ్వు బూట్లతో నడిచొస్తుంటే, సాక్షి సంతకం ఎవరిదని అడిగిన గుమాస్తా లేచి నిలబడ్డాడు, గమనించావా? పెద్దమ్మ నిన్ను ఎగాదిగా చూసి, సన్యాసం బాగానే పట్టినట్టుంది, రంగు తేలింది అంది. ఇక్కడ నీకు రెండు రోజులు నిద్ర పట్టలేదని తెలుసు. లిఫ్టు కదిలినప్పుడల్లా లేచి కూర్చున్నావు. ఉండమని అనలేదు. నేర్చుకున్నాను.

కాపురం బాగుంది. ఆయన సబ్బు నీళ్ళలోనే వదిలేస్తాడు. నేను అరుస్తాను. తను పొద్దున్నే లేచి కిటికీ తెరలు తీసి, ఇవాళ వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసి గాని టీ తాగడు. నేను మొహం కడుక్కోకముందే చూశాడు. ఏమీ అవలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఆయనకి చెప్పలేదు, నీకే చెబుతున్నాను. నాటకం పొరుగూరు వెళ్ళింది. బట్టలు సర్ది పంపేశాను, నా పని అయిపోయింది. ఆయన దీపాలతోపాటు వెళ్ళాడు. రేపు వస్తాడు. వెళ్ళేటప్పుడు, పెద్దమ్మని తోడు రమ్మందామా అని అడిగాడు. పోన్లెండి, అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియలేదు.

పొద్దున్న లేచి టీవీ పెట్టబోయి పెట్టలేదు. చూద్దామని. టీ పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నాను. ఎండ మొదట రెయిలింగు మీద పడి, నేల మీదికి జారి, నా పాదాల దాకా వచ్చింది. ఆ ఎండని ఇన్నేళ్ళుగా బట్టలారేయడానికి వాడాను గాని ఎప్పుడూ చూడలేదు. నేను ఎవరితోనూ మాట్లాడడం లేదని చాలాసేపటికి గాని గుర్తు రాలేదు. భయం వేస్తుందేమోనని కాచుకుని కూర్చున్నాను. రాలేదు. ఆకలి వేసింది. లేచి నాకొక్కదానికే వండుకున్నాను. కోడిగుడ్డు కాదు, నిజమైన వంట. గిన్నెలో నుంచే తిన్నాను, కాళ్ళు ఎదుటి కుర్చీ మీద పెట్టుకుని.

ఆయన మీద ప్రేమ తగ్గి కాదు వదినా. రేపు ఆయన వస్తే పరిగెత్తుకెళ్ళి తలుపు తీస్తాను.

ఈ ఉత్తరం సగంలో ఉండగా కాలింగ్ బెల్లు మోగింది. తలుపు కన్నంలోంచి చూశాను. లాయరుగారి భార్య, చేతిలో గిన్నె. పాపం, ఒక్కదాన్నే ఉన్నానని ఏదో తెచ్చినట్టుంది. మంచి మనిషి. రెండోసారి కూడా మోగించింది.

నేను ఊపిరి బిగబట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి కూర్చున్నాను.

పిచ్చుక